ఫిబ్రవరి నెల తమ్ముడు

పన్నెండేళ్లుగా ప్రతి మంగళవారం సాయంత్రం ఆరింటికి అన్సెల్మో పియెత్రఫేసా పిండి బిళ్లల్లో కూర పెట్టి చేసే రవియోలీ అమ్మే తన దుకాణాన్ని భార్యకు అప్పజెప్పి, చేతులకున్న పిండి కడుక్కుని, డాక్టరమ్మ నోయెమీ గారి సోఫా మీద పడుకోవడానికి వెళ్లేవాడు. అతనికేదో పెద్ద జబ్బు ఉందనుకోకండి. మా బ్యూనస్ ఎయిర్స్‌లో అందరికీ ఉండేదే అతనికీ ఉంది. మనసు డాక్టరు లేని మనిషి ఎవరైనా కనిపిస్తే మా వాళ్లు "అయ్యో పాపం, నీకెవరూ లేరా?" అని జాలిపడతారు. అన్సెల్మో గోడు మాత్రం ఒక్కటే. రోడ్డుకు అవతలి పక్కన ఇంకో రవియోలీ దుకాణం ఉంది. అది అతని సొంత తమ్ముడు జెనారోది. అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు.

ఎందుకో చెబితే నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వాను. జాజికాయ గురించి. తల్లి పోయిన నాలుగో రోజున, ఆవిడ రవియోలీలో పెట్టే పాలకూరలో జాజికాయ వేసేదని అన్సెల్మో అన్నాడు, వేసేది కాదని జెనారో అన్నాడు. మాటామాటా పెరిగింది. అన్సెల్మో నోరు జారాడు. "నువ్వెప్పుడు ఇంటిపట్టున ఉన్నావురా, అమ్మ ఏం వేసేదో తెలియడానికి?" అనేశాడు. జెనారో మొహం పాలిపోయింది. ఒక్క మాటైనా అనకుండా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గుమ్మం దాటాడు. నెల తిరక్కుండా రోడ్డవతల దుకాణం తెరిచి "అమ్మ చేతి అసలు రవియోలీ" అని బోర్డు కట్టాడు. మర్నాడే అన్సెల్మో "అమ్మ చేతి అసలు సిసలు రవియోలీ" అని కట్టాడు. అదీ సంగతి.

వైద్యం పని చెయ్యలేదని మాత్రం ఎవరూ అనలేరు. మొదటి రెండేళ్లు తమ్ముడి పేరు పలకబోతే అతనికి దగ్గొచ్చేది. నాలుగో ఏడు వచ్చేసరికి దగ్గు లేకుండా పలకగలిగాడు, డాక్టరమ్మ "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అందంటే మామూలు విషయం కాదు. ఏడో ఏట తమ్ముడి దుకాణం ఉన్న వైపు కాలిబాట మీద నడిచాడు, కాకపోతే కళ్లు మూసుకుని నడిచి ఒక ముసలాయన కుక్కను తొక్కాడు. పదకొండో ఏట ఒకనాడు తన గుమ్మంలో నిలబడి తమ్ముడి వైపు చెయ్యి ఊపాడు కూడా. సరిగ్గా అప్పుడే ఇద్దరికీ మధ్యగా బస్సొచ్చి ఆగింది. డ్రైవరు తననే పిలిచారనుకుని తలుపు తెరిచాడు, అన్సెల్మో మొహమాటపడి ఎక్కేశాడు. ఆ బస్సు ప్రయాణం గురించి డాక్టరమ్మ దగ్గర ఆరు నెలలు మాట్లాడారు.

ఇలా నిమ్మళంగా బాగుపడుతున్న మనిషి నెత్తిన జనవరి చివరి మంగళవారం పిడుగు పడింది. జెనారో దుకాణం అమ్మేశాడు. కూతురు దగ్గరకు ఉష్వాయా వెళ్లిపోతున్నాడు. ఉష్వాయా అంటే ఇక దక్షిణాన ఊళ్లు లేవు, అవతలంతా మంచు, నీళ్లే. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శనివారం, విమానం. అన్సెల్మో ఆ కబురు మోసుకుని సోఫా మీద పడుకున్నాడు గానీ, నలభై అయిదు నిమిషాలు వేరే ఏవో కబుర్లు చెప్పి, చివరి నిమిషంలో బయటపెట్టాడు.

"అమ్మా, వాడు వెళ్లిపోతున్నాడు. వెళ్లేలోపు ఒక్కసారి మాట్లాడకపోతే నేను బతికుండీ దండగ."

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "చాలా ముఖ్యమైన చోటికి వచ్చారు. ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం."

"ఇక్కడ ఆపడమేంటమ్మా! ఇరవై ఎనిమిదిన విమానం!"

"మార్చి మొదటి మంగళవారం ఇక్కణ్నుంచే మొదలుపెడదాం."

ఫిబ్రవరి అంటే మాకు నడి వేసవి, మనసు డాక్టర్లంతా సముద్రపు ఒడ్డుకు పోతారు. ఒక్కరు కూడా మిగలరు. ఊరు ఊరంతా ఎవరి దిగులు వారే మోసుకుంటూ ఎండలో తిరుగుతుంది. ఇది మాకు ఏటా ఉండేదే, కానీ ఏ ఫిబ్రవరిలోనూ అన్సెల్మోకు ఇంత అవసరం పడలేదు.

ఇంటికొచ్చి భార్య జూలెమాకు చెప్పుకున్నాడు. ఆవిడ పిండి ముద్దను బల్ల మీద దబ్బున వేసింది.

"దీనికింత ఏడుపు దేనికయ్యా బొజ్జయ్యా? రోడ్డు దాటు, రెండు ముక్కలు మాట్లాడు, తిరిగిరా. డెబ్భై అడుగులు కూడా లేవు."

"అంత తేలిక కాదే. చాలా లోతైన విషయం."

"లోతైతే ఈదుకుంటూ వెళ్లు."

"వైద్యం పూర్తికాకుండా తిన్నగా వెళ్లి మాట్లాడేస్తారా ఎవరైనా? అదేం పద్ధతి?" అన్నాడు అన్సెల్మో. అన్నాడంటే వేళాకోళానికి కాదు. నిజంగానే ఆ మాట నమ్మాడు.

డాక్టరమ్మ లేకపోతే ఇంకో దారి లేదా ఏంటి! మేడ మీదుండే యుసేబియా అవ్వ కొలత టేపుతో కడుపులో పట్టేసినదాన్ని విడిపిస్తుందని పేరు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లాడు. అవ్వ టేపు ఒక కొస అతని పొట్టకు ఆనించి పట్టుకోమంది. రెండో కొస నుంచి మోచేతితో మూడు మూరలు కొలుచుకుంటూ వచ్చింది. ఆ చెయ్యి పొట్ట దగ్గర ఆగితే ఏమీ లేనట్టు, పైకి పోతే పట్టేసినట్టు. అవ్వ చెయ్యి పొట్ట దాటి, గుండె దాటి, తిన్నగా అతని ముక్కు మీదకొచ్చి ఆగింది.

"ఓరి దేవుడోయ్! యాభై ఏళ్లుగా కొలుస్తున్నా, ముక్కు దాకా పట్టేసినవాణ్ని ఇప్పుడే చూడ్డం. మూడు రోజులు ఏమీ తినకు నాయనా."

అన్సెల్మో పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండున్నర దాకా ఏమీ తినలేదు. పదకొండున్నరకు రుచి చూడాలి కదాని ఒక రవియోలీ నోట్లో వేసుకున్నాడు. రుచి తేల్చుకోవడానికి పద్నాలుగు పట్టాయి.

తరువాత పూల మందు. మూలనున్న మందుల షాపులో పువ్వుల సారం బ్రాందీలో కలిపి చిన్న బుడ్డిలో ఇస్తారు. నాలుగేసి చుక్కలు, రోజుకు నాలుగుసార్లు నాలిక కింద. భయం పోతుందని రాసుంది. నెల సగానికొచ్చేస్తోంది, నాలుగు చుక్కలతో ఎప్పటికి పోవాలని బుడ్డి మొత్తం ఒక్క గుక్కలో వేశాడు. భయం పోయిన మాట నిజం. దుకాణం వదిలి రోడ్డులోకి దిగాడు, అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ నడి రోడ్డు దాకా వెళ్లాడు. అక్కడ సిగ్నల్ స్తంభాన్ని చూసి "తమ్ముడూ!" అని కావలించుకున్నాడు. జూలెమా వెళ్లి ఊడబెరుక్కుని తీసుకొచ్చింది.

ఇక మిగిలింది కుటుంబ మండలం. టాంగో నాట్యం నేర్పే హాలు పైఅంతస్తులో, గురువారాలు సాయంత్రం లుక్రేసియా అనే ఆవిడ నడుపుతుంది. తెల్ల నార బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఎవరి పేరూ గుర్తుండదు గనుక అందర్నీ "ప్రాణమా" అంటుంది. పద్ధతి ఏంటంటే, వచ్చినవాళ్లంతా గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు లేచి తమ బాధ చెప్పి, ఆ ముక్కూమొహం తెలియని వాళ్లలోంచే ఒకర్ని అమ్మగా, ఒకర్ని నాన్నగా ఏరుకుని నిలబెడతారు. నిలబడినవాళ్లకు ఆ అమ్మానాన్నల బాధ దానంతటదే ఒంట్లోకి వస్తుందట. నవ్వకండి. డాక్టర్లు లేని నెలలో ఆ హాల్లో కూర్చోడానికి చోటుండదు.

అన్సెల్మో గుండ్రంగా ఓసారి చూసి, జేబుల్లో చేతులు పెట్టుకు కూర్చున్న ఒక బట్టతలాయన్ను తమ్ముడిగా ఏరుకున్నాడు. ఆయన పేరు ఫెర్మీన్. గ్యాసు మీటర్ల రీడింగు తీసి తీసి రిటైరైనవాడు, ముందూవెనకా ఎవరూ లేనివాడు. లుక్రేసియా ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "కళ్లలోకి చూసుకోండి" అంది. పది క్షణాలు కాలేదు, ఫెర్మీన్ గడ్డం వణికింది.

"అన్నా! ఇన్నేళ్లు నన్నెలా వదిలేశావన్నా!" అని భోరుమన్నాడు.

"తప్పు నాదేరా నాయనా!" అని అన్సెల్మో అంతకన్నా పెద్దగా భోరుమన్నాడు. పన్నెండేళ్ల బరువు దిగిపోయింది. ఒళ్లంతా తేలికైంది. ఆ ఆదివారమే ఫెర్మీన్‌ను భోజనానికి పిలిచాడు.

జూలెమా తలుపు తీసి, భుజాల మీద చేతులేసుకు నిలబడ్డ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఎవరీయన?"

"నా తమ్ముడు."

"నీ తమ్ముడు రోడ్డవతల ఉన్నాడు కదయ్యా."

"వాడితో కుదర్లేదు. ఈయనతో రాజీ అయిపోయింది."

"నమస్తే వదినా, అన్న మీ గురించి ఒకటే చెప్పడం," అన్నాడు ఫెర్మీన్, అప్పుడే రుమాలు మెడలో దోపుకుంటూ.

రోడ్డవతల జెనారో మాతే టీ గిన్నె చేత్తో పట్టుకుని తన దుకాణం మెట్ల మీద కూర్చునున్నాడు. అన్న ఎవరో బట్టతలాయన భుజం మీద చెయ్యేసి నడిపించుకురావడం, ఆ బట్టతలాయన ఊరందరికీ వినబడేట్టు "అన్నా, అన్నా" అనడం చూశాడు. లోపలికి వెళ్లి, ఆదివారం పూట బేరాల వేళ, షట్టరు కిందికి లాగేశాడు. జూలెమా అది కిటికీలోంచి చూసింది. మొగుడికి చెప్పింది కూడా. అన్సెల్మో వినిపించుకోలేదు, తమ్ముడికి రెండోసారి వడ్డిస్తున్నాడు.

రెండో ఆదివారం కూడా ఫెర్మీన్ వచ్చాడు. ఒక పళ్లెం అయింది, రెండో పళ్లెంలో సగం అయింది. అప్పుడు ఫోర్కు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "అన్నా, చెబితే ఏమీ అనుకోవుగా?" అన్నాడు.

"నువ్వు చెబితే అనుకుంటానేంటిరా!"

"జాజికాయ కొంచెం ఎక్కువైంది. అమ్మ ఇంత వేసేది కాదేమో."

అన్సెల్మో ఎర్రబడ్డాడు. "ఎవరి అమ్మ?"

"మనమ్మేనన్నా. ఇంకెవరమ్మ?"

"మా అమ్మ ఏం వేసేదో నువ్వు చెబుతావా? మీటర్లు చూసుకునేవాడివి!"

"అదిగో, మళ్లీ అదే మాట! ఎప్పుడూ నన్ను చులకనే చేశావు, చిన్నప్పట్నించీ!"

"చిన్నప్పుడు నువ్వెక్కడున్నావయ్యా, పెద్దమనిషీ!"

ఫెర్మీన్ లేచాడు. మెడలో రుమాలు అలాగే ఉంది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఒక్క మాటైనా అనకుండా గుమ్మం దాటాడు. జూలెమా గిన్నెలు తీస్తూ, "శభాష్. నెల కిందట నీతో మాట్లాడని తమ్ముడు ఒక్కడే. ఇప్పుడు ఇద్దరు. నీ వైద్యం జోరుగానే సాగుతోంది," అంది.

అన్సెల్మోకు నవ్వు రాలేదు. ఆ రోజు ఇరవై రెండో తేదీ. గురువారం పొద్దున రోడ్డవతలకు లారీ వచ్చి ఆగింది. జెనారో పిండి కలిపే మిషను, పాలరాతి బల్ల, ఒక్కొక్కటే లారీ ఎక్కుతుంటే అన్సెల్మో కౌంటరు వెనకాల నిలబడి చూశాడు. ఆ బల్ల తల్లిది. ఆ బల్ల మీదే ఇద్దరికీ స్నానాలు చేయించేదావిడ. రోడ్డు దాటాలని ఎంతో ఉంది. కాళ్లు కౌంటరు దాటి రాలేదు. ఆ సాయంత్రం అవే కాళ్లు పరుగున పోయి లుక్రేసియా హాలు మెట్లెక్కాయి. కనీసం ఫెర్మీన్‌తోనైనా రాజీపడితే కాస్త ధైర్యం వస్తుందేమోనని ఆశ.

ఫెర్మీన్ వచ్చి ఉన్నాడు. అన్సెల్మోను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ముందు కొత్తగా వచ్చినాయన్ను చూద్దాం ప్రాణమా, ఫోనులో చాలా బతిమాలాడు," అంది లుక్రేసియా. తలుపు తెరుచుకుంది. జెనారో లోపలికొచ్చాడు.

అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. జెనారో చెయ్యి ఇంకా తలుపు పిడి మీదే ఉంది. వెనక్కి పోదామా అన్నట్టు ఆగాడు. అన్సెల్మో అయితే కుర్చీకి అతుక్కుపోయాడు. ఇద్దరిలో ఒక్కరు కదిలినా అంతా అయిపోయేది. ఎవరూ కదల్లేదు. చివరికి జెనారో వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"పేర్లు అక్కర్లేదు ప్రాణమా. మీ బాధ మాత్రం చెప్పండి."

"నాకొక అన్న ఉన్నాడండీ," అన్నాడు జెనారో నేల వైపు చూస్తూ. "మొండివాడు. మాట్లాడుకుని పన్నెండేళ్లు. ఎల్లుండి నేను విమానమెక్కి పోతున్నాను, మళ్లీ రాను. మా డాక్టరుకి చెబితే మార్చిలో చూద్దామని సముద్రానికి పోయాడు."

గుండ్రంగా ఉన్న తలలన్నీ పాపం అన్నట్టు ఊగాయి. అందరి డాక్టర్లూ ఆ సముద్రపు ఒడ్డునే ఉన్నారు మరి.

"మీ అన్నగా ఎవరు నిలబడాలో మీరే ఏరుకోండి."

జెనారో ఒక్కొక్కరి ముందు నుంచీ నడిచాడు. ఫెర్మీన్ చెయ్యెత్తి, "నన్ను తీసుకోండి, నాకు ఈ అన్నదమ్ముల వ్యవహారంలో అనుభవముంది," అన్నాడు. జెనారో ఆయన్ను గుర్తుపట్టి మొహం ముడుచుకున్నాడు, దాటిపోయాడు. అన్సెల్మో ముందుకొచ్చి ఆగాడు.

"ఈయన."

"ఈయనే ఎందుకనిపించింది?"

"ఏమోనండీ. బొజ్జ అచ్చం అలాగే ఉంది."

లుక్రేసియా అన్సెల్మో భుజాలు పట్టుకుని తీసుకొచ్చి తమ్ముడికి ఎదురుగా నిలబెట్టింది. "ఇప్పుడు మీరు ఈయన అన్న. ఏమనిపిస్తోంది?"

"మోకాళ్లు వణుకుతున్నాయి."

"అవి మీ మోకాళ్లు ప్రాణమా. అన్నవి ఎలా ఉన్నాయి?"

"అన్నవే వణుకుతున్నాయి."

"బావుంది. తమ్ముడితో ఏమైనా అనాలనుందా?"

అన్సెల్మో నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ తెరిచాడు. "నువ్వెప్పుడు ఇంటిపట్టున ఉన్నావని అడిగాను ఆ రోజు. ఆ మాట అనకూడదురా. పదమూడేళ్ల పిల్లాడివి, సైకిలు మీద ట్రేలు కట్టుకుని ఊరంతా తిరిగి ఇచ్చొచ్చేవాడివి, వానలో కూడా. నువ్వలా తిరగబట్టే నేను వంటింట్లో అమ్మ పక్కన కూర్చోగలిగాను. నాకు తెలుసు. తెలిసే అన్నాను."

"ఆగండాగండి!" లుక్రేసియా చప్పట్లు చరిచింది. "కథలల్లకూడదు. ఈయన సైకిలు గురించి చెప్పలేదు. పైగా ఈయన అన్న మొండివాడని చెప్పాడు కదా, మీరు మరీ మెత్తగా చేస్తున్నారు. అస్సలు కుదరడం లేదు. ఇంకొకర్ని పెడదామా?"

ఫెర్మీన్ సగం లేచాడు.

"వద్దు," అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి.

"ఉండనీండి మేడం. ఈయనతోనే కానివ్వండి," అన్నాడు జెనారో. "ఆ మాట నేనెప్పుడో మర్చిపోయినట్టే. కానీ నువ్వు ఎవడో దారినపోయేవాణ్ని తెచ్చి నా చోట కూర్చోబెట్టావు. రెండు ఆదివారాలు. వాడు నిన్ను అన్నా అని పిలుస్తుంటే నా దుకాణంలోకి వినబడింది. అది మాత్రం తట్టుకోలేకపోయాను."

"నీతో మాట్లాడే ధైర్యం లేక ఆయనతో మాట్లాడానురా! నువ్వంటే భయం. నువ్వు మొహం తిప్పుకుంటే నేనేమైపోవాలి?"

"తిప్పుకోను."

కుర్చీలో ఉన్న ఫెర్మీన్‌కు అప్పటికి వెలిగింది. "మేడం! వీళ్లిద్దరూ..." అని లేవబోయాడు. పక్కనున్న పళ్ల డాక్టరమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "నోర్ముయ్యవయ్యా, మంచి చోటుకొచ్చింది," అంది.

జెనారో చేతులు జేబుల్లోంచి బయటికి తీశాడు. ఎవరు ముందు కదిలారో చెప్పలేను, రెండు బొజ్జలూ ఢీకొన్నాయి. అన్సెల్మో తమ్ముడి మెడ వెనక చెయ్యేసి పట్టుకున్నాడు. అక్కడ ఇంకా పిండి అంటుకుని ఉంది. ఇద్దరూ గుక్కపట్టి ఏడ్చారు. చూస్తున్న ఇరవై మందీ ఏడ్చారు. ఫెర్మీన్ అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు.

"చూశారా! మొదట్లో కాస్త తడబడ్డా, చివర్లో బాగానే పట్టుకున్నాడు," అంది లుక్రేసియా కళ్లొత్తుకుంటూ. "ఇక ముగిద్దాం. పాత్ర వేసినవాళ్లు పాత్ర విడవాలి, అది నియమం. ప్రాణమా, చేతులు దులపండి. ఆయన కళ్లలోకి చూసి 'నేను నీ అన్నను కాను' అనండి, మీ పేరు చెప్పండి, వెళ్లి మీ కుర్చీలో కూర్చోండి."

అన్సెల్మో చెయ్యి తమ్ముడి మెడ మీంచి తియ్యలేదు. "అనను."

"అనాలి. లేకపోతే ఆ పాత్ర మీ వెంటే ఇంటికొచ్చేస్తుంది."

"రానీండి."

"మీ సంగతి సరే, ఆయన సంగతి చూడండి పాపం! ఎల్లుండి మిమ్మల్ని సొంత అన్నే అనుకుంటూ విమానమెక్కుతాడు."

"అలాగే ఎక్కుతానండీ," అన్నాడు జెనారో.